చేలో నత్తలకు మందు చల్లాలా, వద్దా?

ముమ్మిడివరం రైతు:
సార్వా ఊడ్పులై పది రోజులైంది. గట్టు వారన నాటిన నారు తెగి నీళ్ల మీద తేలుతోంది, ఎక్కడ చూసినా నత్తలే. ఫిలిప్పీన్స్‌లో నత్తలు వరిని తినేస్తున్న వీడియో చూసినప్పటి నుంచి టెన్షన్‌గా ఉంది. షాపులో బిళ్లల మందు చల్లమంటున్నారు. వద్దనేవాళ్లు కారణం చెప్పండి.

ఆత్రేయపురం నుంచి:
ఆగు అన్నా. వీడియోలోది దక్షిణ అమెరికా నుంచి 1980 ప్రాంతంలో ఆసియాకి తెచ్చిన బంగారు నత్త. అది నీటి పైన కాడలకీ గట్టు రాళ్లకీ గులాబీ రంగు గుడ్లు గుత్తులుగా పెడుతుంది. మన నత్తగుల్ల తడిమట్టిలో తెల్లటి గుడ్లు పెడుతుంది. ఒకటి చేతిలోకి తీసుకుని గుల్ల నోటికుండే మూత చూడు, మనదైతే మూత రాయిలా గట్టిగా ఉంటుంది, దానిదైతే గోరులా పలచగా ఉంటుంది. మనదానికి మొప్ప, ఊపిరితిత్తి రెండూ ఉన్నాయి, నీళ్లలో ఉండగానే మెడ పక్కనుంచి గొట్టంలాంటిది పైకి చాచి గాలి పీల్చుకుంటుంది. వేసవిలో కాలువలు కట్టేశాక బురదలోకి దిగి, మూత బిగించుకుని, మళ్లీ నీళ్లొచ్చేదాకా అలాగే పడుకుంటుంది. నత్తగుల్ల కొంగలు బతికేది దీని మీదే. నువ్వు చల్లే మందు బోదెలోకి, అక్కణ్ణుంచి డ్రెయిన్లోకి పోతుంది. నారు కోసింది పీతలేమో ముందు చూడు.

అమలాపురం, పాడి రైతు:
నత్తలన్నీ మంచివే అన్నట్టు రాశారు, ఒప్పుకోను. మూతలేని పలచటి చిన్న నత్త ఒకటుంది, గేదెల కార్జంలో చేరే జలగ (మామూలు జలగ కాదు, ఆకులాంటి పురుగు) పిల్ల దశలో దాంట్లోనే పెరుగుతుంది. అక్కణ్ణుంచి బయటికొచ్చి బోదె గట్టు గడ్డికి అంటుకుంటుంది, ఆ గడ్డి మేసిన గేదె చిక్కిపోతుంది, దవడ కింద నీరు దిగుతుంది. చుట్టచుట్టుకున్న బిళ్లలాంటి ఇంకో నత్త వల్ల పశువుల ముక్కులో గడ్డలు లేచి గురక పెడతాయి. మా ఇంట్లో ఓ సూడి గేదె జలగతో పోయింది. పోనీలే అని వదిలెయ్యమంటే నా వల్ల కాదు.

ఆత్రేయపురం నుంచి:
గేదె సంగతి చదివి బాధేసింది. నిజమే, ఆ రెండూ వేరే జాతులు, వాటిని ఉపేక్షించకూడదు. కానీ మందుకి ఏ నత్తో తెలీదు కదా, అన్నిటినీ చంపుతుంది. కోతలయ్యాక బాతుల మందని దింపితే చిన్న నత్తల్ని ఏరుకు తింటాయి. ఇప్పటికి మాత్రం నారు వేళ్లు పట్టేదాకా నీళ్లు పలచగా ఉంచండి, నీళ్లు లేకపోతే నత్త తిరగలేదు.

ముమ్మిడివరం రైతు:
ఇప్పుడే దిగి చూసొచ్చా. గుడ్లు తెల్లవే, మూత గట్టిదే. గట్టు వారన నాలుగు పీత బొరియలున్నాయి, ఒకదాని నోట్లో తెగిన నారు కూడా ఉంది. షాపులో మందు వద్దని చెప్పేశా. ఇక అమలాపురం అన్న చెప్పినట్టే మా గేదెకీ దవడ కింద కాస్త వాపుంది, రేపు పొద్దున్నే పేడ పరీక్షకి పట్టుకెళ్తున్నా.