పాహెల్‌బెల్ కానన్ నిజంగా పెళ్లి కోసం రాసిందేనా?

మూడో వయొలిన్ అడిగినది:
పాహెల్‌బెల్ అనే పాత జర్మన్ సంగీతకర్త రాసిన కానన్ ఇన్ డి నేర్చుకుంటున్నాను, నాకు మూడో వయొలిన్ భాగం ఇచ్చారు. దీని గురించి ఏ వీడియో కింద చూసినా ఒకటే కథ, పేరుమోసిన సంగీతకర్త బాఖ్ అన్నగారి పెళ్లికి పాహెల్‌బెల్ రాసిచ్చాడని. ఇది నిజమేనా, ఎవరో అల్లిందా? ఇంత పేరున్నదానికి రాసిన సంవత్సరం కూడా ఎవరూ సరిగ్గా చెప్పరేంటి?

పాత కాగితాలు:
పెళ్లి నిజం. పెళ్లికి రాశాడనేది మాత్రం ఊహ. బాఖ్ పెద్దన్న యోహాన్ క్రిస్టఫ్ జర్మనీలోని ఎర్ఫుర్ట్‌లో పాహెల్‌బెల్ దగ్గర ఆర్గన్ (చర్చిల్లో ఉండే పెద్ద కీబోర్డు వాయిద్యం) నేర్చుకున్నాడు. 1694 అక్టోబర్‌లో ఓర్డ్రుఫ్‌లో అతని పెళ్లయితే గురువుగారు కూడా వచ్చి వాయించారు. అప్పటికి మన బాఖ్‌కి తొమ్మిదేళ్లు. ఆ రోజు ఏం వాయించారన్నది ఎక్కడా రాసి లేదు. పెళ్లి ఉంది, గురువు ఉన్నాడు, తీయటి సంగీతం ఉంది, మూడూ కలిపి ముడేసేశారు, అంతే.

సంవత్సరం తెలియకపోవడానికి కారణం ఇంకా సింపుల్. పాహెల్‌బెల్ తన చేత్తో రాసిన ప్రతి దొరకలేదు. మిగిలిన పాత ప్రతి 19వ శతాబ్దంలో ఎవరో ఎత్తిరాసుకున్నది, బెర్లిన్ లైబ్రరీలో ఉంది. అచ్చులోకి వచ్చింది 1919లో, అంటే ఆయన పోయిన 213 ఏళ్లకి! ఆయన కాలంలో ఆయన్ని ఆర్గన్ విద్వాంసుడిగానే చూశారు. 1699లో అచ్చేసుకున్న హెక్సాకోర్డుమ్ అపోలినిస్ అనే కీబోర్డు సంగీత సంపుటి మీదే ఆయనకి గురి ఉండేదేమో, ఇవాళ దాని పేరు ఎంతమందికి తెలుసు?

చెల్లో బాధితుడు:
చరిత్ర సరే, మా గోడు కూడా వినండి. డి, ఏ, బి, ఎఫ్ షార్ప్, జి, డి, జి, ఏ. ఈ ఎనిమిది స్వరాలే మొదటి నుంచి చివరిదాకా 28 సార్లు. ముగ్గురు వయొలిన్ వాళ్లూ వాయించేది ఒకే బాణీ, కాకపోతే ఒకరి వెనక ఒకరు రెండేసి బార్ల (మన తాళం ఆవర్తాల్లాంటి కొలత) తేడాతో ఎత్తుకుంటారు, కానన్ అంటే అదే. మీరు ఆరు బార్లు ఊరికే నిలబడి తర్వాత మొదలెడతారు. నాకు ఆ అదృష్టం కూడా లేదు. ఒకసారి ఎన్నోసారి వాయిస్తున్నానో లెక్క తప్పి, అందరూ ఆపేశాక కూడా వాయించాను.

ఎర్ఫుర్ట్ అభిమాని:
పెళ్లి కథ ఒక్కటే తిరుగుతుంది గానీ పాహెల్‌బెల్ సొంత పెళ్లి సంగతి ఎవరూ ఎత్తరు. 1681లో బార్బరా గాబ్లర్‌ని చేసుకున్నాడు, రెండేళ్లకే, 1683లో ప్లేగు వచ్చి భార్యనీ పసివాణ్నీ తీసుకుపోయింది. ఆ ఏడే మరణం గురించిన కీర్తనల బాణీల మీద వేరియేషన్లు (ఒకే బాణీని రకరకాలుగా మార్చి వాయించేవి) రాసి అచ్చేయించాడు. మరుసటి ఏడు మళ్లీ పెళ్లి చేసుకున్నాడు, ఆ సంసారంలో పిల్లలు చాలామందే, ఒక కొడుకైతే అమెరికా దాకా వెళ్లి అక్కడ ఆర్గన్ వాయించాడు. ఆయన మాత్రం చివరికి పుట్టిన ఊరు నూరెంబర్గ్‌కే చేరి, 1706లో పోయేదాకా సెయింట్ సెబాల్డ్ చర్చిలో పనిచేశాడు.

మూడో వయొలిన్:
ప్లేగు సంగతి అస్సలు తెలియదు. ఇంకొక్క డౌట్, కొన్ని రికార్డింగులు ఏడు నిమిషాలు పైన ఉంటే కొన్ని అందులో సగం కూడా ఉండవేంటి?

పాత కాగితాలు:
అది పైయార్ పుణ్యం. జాన్ ఫ్రాన్స్వా పైయార్ అనే ఫ్రెంచ్ కండక్టర్ 1968లో బాగా నెమ్మదిగా, పెద్ద స్ట్రింగ్ బృందంతో రికార్డు చేశాడు. జనానికి పట్టింది అదే. 1980లో ఆర్డినరీ పీపుల్ సినిమాలో కూడా ఈ సంగీతం పెట్టాక ఇక ఆగలేదు. అసలుది మూడు వయొలిన్లు, కింద బాస్, అంతే. దాని వెనకే జీగ్ అని ఒక హుషారైన నృత్యం కూడా ఉంది, పాపం దాన్ని అందరూ వదిలేస్తారు. పాత కాలపు వాయిద్యాల మీద వాయించేవాళ్లు కానన్‌ని కూడా చకచకా లాగించేస్తారు, నాకైతే అదే ఇష్టం. నెమ్మదిగా వింటే ఏడుపొస్తుంది, వేగంగా వింటే ముగ్గురు ఒకరినొకరు తరుముకుంటున్నట్టు ఉంటుంది.

మూడో వయొలిన్:
ఇప్పుడే ఆ స్పీడులో ట్రై చేశాను. మధ్యలో చిన్న స్వరాలు గుంపుగా వచ్చే చోట వేళ్లు చిక్కుపడిపోయాయి.

చెల్లో బాధితుడు:
నాకు ఏ స్పీడైనా ఇబ్బంది లేదు. త్వరగా అయిపోతే ఇంకా మంచిది.