అప్‌డేట్: లింకుల కింది గీతను ఉంచాలా, తీసేయాలా?

నా సైటు వ్యాసాల్లోని లింకులకు కింది గీత తీసేసి రంగు ఒక్కటే ఉంచితే సరిపోతుందా అని ఇంతకుముందు అడిగాను. ఓపికగా సమాధానమిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు. పేరాల మధ్య వచ్చే లింకులకు గీతను ఉంచాను. మెనూలో మాత్రం తీసేశాను, ఎందుకంటే అవి లింకులని ఉన్న చోటును బట్టే తెలుస్తుంది.

నన్ను ఒప్పించినవి డబ్ల్యూసీఏజీ మార్గదర్శకాలు, అంటే వైకల్యాలున్నవారు కూడా వెబ్ పేజీలను వాడుకోగలిగేలా రాసిన ప్రమాణాలు. గీత లేకుండా రంగునే నమ్ముకుంటే, లింకుకూ చుట్టూ ఉన్న అక్షరాలకూ మధ్య కనీసం 3:1, నేపథ్యంతో 4.5:1 కాంట్రాస్ట్ (రంగుల వెలుగులో తేడా) ఉండాలి. నాకెంతో నచ్చిన ముదురు నీలం నల్లని అక్షరాల పక్కన ఆ మొదటి పరీక్షకే నిలవదు.

ఇక గీత అందాన్ని చెడగొడుతుందన్న నా అసలు బాధకు కారణం మన వత్తులు. ‘రాష్ట్రం’ వంటి మాట కింద బ్రౌజరు వత్తును తప్పించబోయి గీతను ముక్కలు చేస్తుంది. టెక్స్ట్-అండర్‌లైన్-ఆఫ్‌సెట్ అనే సీఎస్ఎస్ (పేజీ రూపాన్ని తీర్చే కోడ్) అమరికతో గీతను కిందికి జరిపి, మందం తగ్గించి, వరుసల మధ్య ఎడం కాస్త పెంచాక, అది వత్తుల కిందుగా తెగకుండా సాగుతూ నిజంగా ముచ్చటగా ఉంది. మౌస్ ఆనించినప్పుడు గీత మందమవుతుంది. కీబోర్డుతో చదివేవారి కోసం ఫోకస్ చట్రాన్ని (ప్రస్తుతం ఏ లింకు మీద ఉన్నారో చూపే గీతల చుట్టును) అలాగే ఉంచాను, దాన్ని ఎవరూ తీసేయవద్దని నా మనవి. చూసేసిన లింకుల రంగు ఇంకా తేల్చుకోవలసి ఉంది.