చేపల సాగు నిలబడాలంటే పట్టు బిగించాలా, రైతుకే వదిలేయాలా?

కాలువగట్టు: లైసెన్సులు ఉన్నాయి, మందుల మీద ఆంక్షలు ఉన్నాయి, నీటి పరీక్షలూ ఉన్నాయి. అయినా జబ్బులు తగ్గట్లేదు, కాలువలు పాడవుతూనే ఉన్నాయి. ఇంకా రూల్సు పెంచాలంటారా?

నీలిరెక్క: పెంచాల్సిందే. నార్వేలో 2017 నుంచి తీరాన్ని 13 ప్రాంతాలుగా విడగొట్టి, పెంపకం సాల్మన్ చేపల నుంచి పాకే పేల (ఒంటిని అంటుకుని పీల్చే పరాన్నజీవుల) వల్ల సహజ సాల్మన్లకు ఎంత నష్టమో అంచనా వేసి పచ్చ, పసుపు, ఎరుపు రంగులిస్తున్నారు. పచ్చ వస్తే ఉత్పత్తి 6 శాతం పెంచుకోవచ్చు, ఎరుపు వస్తే తగ్గించాలి. నా కేజీల్లో, అంటే సముద్రంలో చేపలు పెంచే వల పంజరాల్లో, పేలు తక్కువే అంటే మామూలుగా కుదరదు, ప్రధానంగా ఆ ప్రాంతం మొత్తం ఎలా ఉందన్నదే లెక్క.

రెండుచెరువులు: నార్వే సంగతి వదిలేయండి, అక్కడ ఉన్నవి పెద్ద కంపెనీలు. నా సంగతి వినండి. పై చెరువు వాళ్లు చేపలు పట్టడం అయ్యాక చెరువు అడుగున మిగిలిన నీళ్లు రాత్రికి రాత్రి కాలువలోకి వదిలేశారు. తెల్లవారుజామున నేను తూము ఎత్తేసరికి నల్లటి నీళ్లు లోపలికొచ్చాయి, పొద్దెక్కేలోపు చేపలన్నీ పైకి తేలి నోళ్లు తెరిచి గాలి కోసం కొట్టుకుంటున్నాయి. నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లన్నీ వేసినా సగం పోయాయి. ఆఫీసుకెళ్లి చెప్తే ముందు నీ లైసెన్సు చూపించు అన్నారు. మీ రూల్సు నాకు చేసింది ఇదీ!

తూముమనిషి: వదిలే ముందు నీళ్లు నిలబెట్టి మడ్డి దిగనిచ్చే సెటిలింగ్ చెరువు వాళ్లకి లేదా?

రెండుచెరువులు: ఎవరికుంది? ఉన్న విస్తీర్ణంలో కొంత వదిలేసి అడుగు నీళ్లు నిలబెట్టమంటే, ఆ ముక్కకి కౌలు ఎవరు కడతారు?

నీలిరెక్క: అంటే పై చెరువువాళ్ల దగ్గర సెటిలింగ్ చెరువు ఉండాలి, మీ దగ్గర అక్కర్లేదా? మీరు చెప్పింది నా వాదనకే సాక్ష్యం అండి.

రెండుచెరువులు: చేపలు పోయింది నాకు, సాక్ష్యం మీకా? ఒక్కసారి గట్టు మీద నిలబడి మాట్లాడండి.

పాతవల: ఇద్దరూ సెటిలింగ్ చెరువు దగ్గరే ఆగిపోయారు. చిలీలో 2007లో ఐఎస్ఏ అనే, సాల్మన్లకు రక్తహీనత తెచ్చే అంటువైరస్ వచ్చి సాల్మన్ పరిశ్రమ కుప్పకూలింది. లైసెన్సులు లేక కాదు, కేజీలు ఒకదాని పక్కన ఒకటి కిక్కిరిసి ఉండటం వల్ల. తర్వాత అక్కడి ఫారాలను గుంపులుగా కలిపి, గుంపంతా ఒకేసారి ఖాళీ పెట్టాలని రూలు తెచ్చారు. మన కాలువకీ అంతే. ఎన్ని చెరువుల నీళ్లు మోయగలదో ముందు తేల్చాలి, ఎవరు ఎప్పుడు వదలాలో వరస పెట్టాలి.

ఉప్పునేల: మన దగ్గర రొయ్యల విషయమే చూడండి. 1996లో సుప్రీంకోర్టు సంప్రదాయ పద్ధతులు మినహా తీర నియంత్రణ జోన్‌లో చెరువులు తీసేయమంది, 2005లో పార్లమెంటు చట్టం చేసి రిజిస్ట్రేషన్ పెట్టి సాగుకు దారిచ్చింది. రిజిస్ట్రేషన్ కాగితం ఉన్నంత మాత్రాన కాలువ బాగుపడదు.

నీలిరెక్క: పాతవల గారి మాట ఒప్పుకుంటాను, కానీ వరస పెట్టినా పాటించనివాడి తూము మూసేసే అధికారం ఎవరికో ఒకరికి ఉండాలి. రెండుచెరువులు గారూ, మీకు కావాల్సింది నష్టపరిహారం, నాకు కావాల్సింది కాలువ.

రెండుచెరువులు: నాకు కాలువ అక్కర్లేదని ఎవరన్నారు? నేను కౌలుకి చేస్తున్నాను. లైసెన్సు భూమి ఓనరు పేరున ఉంది, అప్పు నా పేరున ఉంది. వచ్చే ఏడు ఆ చెరువు నాకిస్తారో లేదో తెలియదు, అలాంటప్పుడు సెటిలింగ్ చెరువు తవ్వమంటే ఎలా తవ్వుతాను? పై చెరువు కూడా కౌలుదే. ఫైను వేస్తే కట్టేది మేము, మీటింగుకి పిలిచేది ఓనర్లని. రూలు మీద నాకు కోపం లేదు, అది రాసేచోట మేం లేము.

తూముమనిషి: ఇది మొదటే చెప్పాల్సింది.

నీలిరెక్క: కౌలుదారుకి లైసెన్సు ఇస్తే పంట అయ్యాక చెరువు వదిలేసి వెళ్లిపోతే ఎవర్ని పట్టుకోవాలి? ఓనరు బాధ్యత తీసేస్తే ఇంకా నష్టం.

రెండుచెరువులు: తీసేయమని ఎవరన్నారు? ఇద్దరి పేర్లూ రాయండి. తవ్వకం ఖర్చు ఓనరుది, నీళ్లు వదిలే వరస తప్పితే ఫైను నాది. కాలువ కమిటీలో మాత్రం ఇద్దరికీ చోటుండాలి.

పాతవల: దీనికి మా వైపు ఓనర్లు ఒప్పుకోరు. నేనూ ఒక ఓనరునే, తవ్వకం ఖర్చంతా నా మీదే వేస్తే నేనూ ఒప్పుకోను.