హైడ్రోపతీ ఇండెక్స్‌కి తెలుగులో ఏమనాలి?

శ్రీకాకుళం నుంచి (ప్రశ్న)
డిగ్రీ బయోటెక్నాలజీ పిల్లల కోసం ఏఏఇండెక్స్ (అమైనో ఆమ్లాల గుణాల్ని అంకెల్లో ఇచ్చే డేటాబేస్) మీద నాలుగు పేజీల తెలుగు ప్రయోగపత్రం తయారవుతోంది. అనువాద యంత్రం ‘హైడ్రోపతీ ఇండెక్స్’ని ‘జలచికిత్స సూచిక’ అంది, ‘హైడ్రోఫోబిక్’ని ‘జలభీతి’ అంది. రెండూ కుదరవని తెలుస్తూనే ఉంది. కుదిరేవి చెప్పండి. ‘ఇండెక్స్’కి ‘సూచిక’ చాలునా?

విజయనగరం నుంచి
యంత్రం తప్పు సగమే మాస్టారూ. హైడ్రోపతీ అంటే నీళ్ళతో చేసే వైద్యమన్న అర్థం ముందునుంచీ ఉన్నదే. జలభీతేమో పిచ్చికుక్క కాటు జబ్బు పేరు. 1982లో కైట్, డూలిటిల్ అనే ఇద్దరు పరిశోధకులు ఈ హైడ్రోపతీ మాటను వేరే పనికి పెట్టుకున్నారు. అమైనో ఆమ్లం నీటిని కోరడం, నీటిని తప్పించుకోవడం రెండూ ఒకే అంకెలో ఇమడాలన్నది వాళ్ళ ఉద్దేశం. ఐసోల్యూసిన్‌కి 4.5, ఆర్జినైన్‌కి −4.5. ఆ రెండు కొసల మధ్యే మిగతా పద్దెనిమిదీ. గ్లైసిన్ −0.4 దగ్గర, దాదాపు నడిమిన ఉంటుంది.

అందుకే ‘జలవిరోధ సూచిక’ అన్నా ఒక పక్కే చెప్పినట్టు. ‘జలవైఖరి’ అంటే రెండు పక్కలూ వస్తాయి. విడిగా హైడ్రోఫోబిక్, హైడ్రోఫిలిక్ అని రాయాల్సినచోట జలవిరోధి, జలప్రియ చాలు. ఇంటర్ కొలాయిడ్ల పాఠంలో ద్రవవిరోధి, ద్రవప్రియ చదివినవాళ్ళకు ఇవి కొత్త కావు.

టెక్కలి నుంచి
జలవిరోధి ఎందుకండీ, ‘నీరొల్లనిది’ అనొచ్చు కదా! ‘నానొల్ల’ అనే మాట మన ఊళ్ళలో ఇంకా బతికే ఉంది.

విజయనగరం నుంచి
మాట ముద్దుగానే ఉంది. వివరణలో ఒకసారి వాడండి, పిల్లలు నవ్వుకుని గుర్తుపెట్టుకుంటారు. పట్టిక శీర్షికలో మాత్రం ‘నీరొల్లనితనం’ అని రాయలేం.

పలాస నుంచి
జలవైఖరికి నా ఓటు కూడా. కానీ శీర్షిక పక్కన దిక్కు తప్పకుండా రాయండి: ‘ధనాంకె పెరిగితే జలవిరోధం’ అని. ఎందుకంటే అదే డేటాబేస్‌లో 1981 నాటి హాప్–వుడ్స్ అంకెలూ ఉన్నాయి, వాటి దిక్కు తిరగబడి ఉంటుంది. అక్కడ ఆర్జినైన్, లైసిన్, ఆస్పార్టిక్, గ్లూటామిక్ ఆమ్లాలు నాలుగింటికీ 3.0, ట్రిప్టోఫాన్‌కి −3.4. అంటే నీటిని కోరేదానికి పెద్ద అంకె. మన జీడిపప్పు గ్రేడ్లలో డబ్ల్యూ320 కన్నా డబ్ల్యూ180 పెద్ద గింజ కదా, పౌనుకి ఎన్ని గింజలు తూగుతాయన్నది అక్కడ లెక్క. ఇదీ అలాంటిదే. దిక్కు చూడకుండా ఈ రెండు వరసల్నీ కలిపి సగటు తీస్తే ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, ప్రోటీన్ పొడవునా గీసిన గ్రాఫ్ చదునుగా వస్తుంది, ‘ఈ ప్రోటీన్‌లో విశేషమేమీ లేదు’ అని రాసేస్తారు. కలపాల్సే వస్తే హాప్–వుడ్స్ గుర్తు మార్చాలి. రెండింటినీ సగటు 0, ప్రామాణిక విచలనం 1 అయ్యేలా సర్దాలి. ఆ తరవాతే కలపాలి.

బొబ్బిలి నుంచి
ఇక ‘సూచిక’ సంగతి. సూచిక అనగానే పుస్తకం వెనక అకారాది పట్టిక గాని, ధరల సూచీ లాంటి ఒంటి అంకె గాని మనసులోకి వస్తుంది. ఏఏఇండెక్స్‌లో ఒక ఇండెక్స్ అంటే ఒక గుణానికి ఇరవై అంకెల వరస, ఒక్కో అమైనో ఆమ్లానికి ఒకటి. అలాంటి వరసలు 1988లో నకాయ్, కిడెరా, కనేహిసా పోగుచేసినప్పుడు 222. తరవాత పెరుగుతూ వచ్చి 544, ఇప్పుడు 566. కాబట్టి ‘కొలమానం’ అనండి. ‘జలవైఖరి కొలమానం’ అంటే స్కేల్ అన్న భావం కూడా వస్తుంది. డేటాబేస్ పేరును మాత్రం అనువదించకండి, పిల్లలు వెతికితే దొరకాలి.

పేరు కన్నా ఎక్కువ ముంచేది వరస క్రమం. పత్రంలో దానికి అర పేజీ ఇవ్వండి. ఫైల్లో ‘ఐ’ అక్షరంతో మొదలయ్యే గీత కింద రెండు వరసల్లో పదేసి అంకెలు ఉంటాయి. తలమీద అమైనో ఆమ్లాల ఒంటి అక్షర సంకేతాలు ‘ఏ/ఎల్, ఆర్/కే’ అని కనిపిస్తాయి. అంటే పై వరస మొదటి అంకె అలనైన్‌ది, కింది వరస మొదటి అంకె ల్యూసిన్‌ది. దాన్ని ఏ, ఎల్, ఆర్, కే అని జంటలుగా చదివితే మొత్తం చెడుతుంది. పై వరస పూర్తిగా అయ్యాకే కిందికి రావాలి.

ఇంకొకటి. ఈ క్రమం ఇంగ్లీషు మూడక్షరాల సంకేతాల (Ala, Arg, Asn...) అకారాది ప్రకారం నడుస్తుంది: అలనైన్, ఆర్జినైన్, ఆస్పరజిన్, ఆస్పార్టిక్, సిస్టీన్... ప్రోగ్రాం రాసేవాళ్ళు ఒంటి అక్షరాల అకారాది జాబితా పెట్టుకుని అంకెలు అతికిస్తారు. అప్పుడు రెండో స్థానంలో ఉన్న ఆర్జినైన్ −4.5 పోయి సిస్టీన్‌కి తగులుకుంటుంది. ఐసోల్యూసిన్‌కి గ్లైసిన్ అంకె, టైరోసిన్‌కి వాలిన్ అంకె. అయినా ప్రోగ్రాం ఆగదు, తప్పు చూపదు. పైగా అలనైన్, సెరిన్, థ్రియోనిన్ రెండు క్రమాల్లోనూ ఒకే స్థానంలో ఉంటాయి. అలనైన్ 1.8 వచ్చింది కదా అని ఊరుకుంటే పట్టుబడదు. ఆర్జినైన్, సిస్టీన్, వాలిన్ మూడూ చూడండి: −4.5, 2.5, 4.2 రావాలి.

గుర్తింపు సంఖ్య విప్పి చెప్పడం కూడా మంచిదే. ‘కేవైటీజే820101’లో మొదటి నాలుగక్షరాలు కైట్ జే., 82 సంవత్సరం, తరవాతి రెండు జతలూ వరస సంఖ్యలు.

శ్రీకాకుళం నుంచి
కొలమానం ఖాయం చేస్తున్నాం. ‘ఎన్‌ఏ’ అని ఉన్నచోట సున్నా పెట్టమనొచ్చా?

బొబ్బిలి నుంచి
వద్దు. జలవైఖరిలో సున్నా అంటే ‘ఎటూ మొగ్గదు’ అని అర్థం, అదీ ఒక విలువే. ‘ఎన్‌ఏ’ అంటే కొలత లేదు. అలా ఖాళీలున్న కొలమానాలు 13. వాటిని పక్కన పెడితే 566లో 553 మిగులుతాయి. పాత 544 కూర్పైతే 531. ఆర్ అనే ప్రోగ్రామింగ్ భాషలోని సెక్‌ఇన్‌ఆర్ ప్యాకేజీలో ఉన్నది ఆ 544 కూర్పే. ఏ కూర్పు వాడారో పిల్లల చేత రాయించండి, లేకపోతే ఇద్దరి లెక్కలు కలవవు.

553 ఉన్నాయి కదా అని అన్నీ ఒకేసారి గుమ్మరించొద్దు. వీటిలో చాలావరకు ఒకే గుణానికి రకరకాల కొలతలు. ప్రతి నమోదులో ‘సి’ గీత ఉంటుంది. సహసంబంధ గుణకం 0.8 గాని అంతకు మించి గాని, లేదా −0.8 గాని అంతకన్నా కిందికి గాని ఉన్న తోటి కొలమానాల్ని అందులో చూపిస్తారు. కైట్–డూలిటిల్‌కి 0.99 దాటిన తోడు కూడా ఉంది, అది దాన్నే కాస్త సవరించి చేసింది. రెండూ పెట్టుకుంటే కొత్త సమాచారం రాదు, జలవైఖరికి రెండు ఓట్లు పడతాయి అంతే. ఒక్కో గుంపునుంచి ఒకటి ఏరుకోవడం డిగ్రీ స్థాయికి సరిపోతుంది. అంతకు పైన అయితే అట్‌చ్లీ బృందం 2005లో 54 గుణాల్ని కుదించి ఇచ్చిన అయిదు కారకాలు వాడొచ్చు.

పలాస నుంచి
ప్రయోగం కణపొర దాటే ప్రోటీన్ ఖండాల గురించే అయితే కిటికీ (ఒక్కోసారి సగటు తీసే వరస అమైనో ఆమ్లాల గుంపు) వెడల్పు 19, సగటు 1.6 దాటితే అనుమానించాలి. బయటి తలం చూడాలంటే 9 చాలు. 19 పెట్టినప్పుడు రెండు కొసల్లో తొమ్మిదేసి స్థానాలకు సగటు రాదు. అది లోపం అనుకుని సున్నాలతో నింపేస్తుంటారు. ఖాళీగా వదలమనండి. ఏ అమైనో ఆమ్లమో కచ్చితంగా తెలియనిచోట రాసే ఎక్స్, బి, జెడ్ అక్షరాలకు ఈ పట్టికలో అంకెలే లేవు. అవి తగిలిన కిటికీని కూడా వదిలేయాలి.

టెక్కలి నుంచి
డేటాబేస్ రెండో భాగంలో మ్యాట్రిక్స్‌లు ఉంటాయి కదా, వాటికి?

విజయనగరం నుంచి
లెక్కల పుస్తకాల్లో ఉన్న ‘మాత్రిక’నే ఉంచండి. ఏఏఇండెక్స్2లో అలాంటివి 94, ఒక అమైనో ఆమ్లం బదులు ఇంకొకటి రావడానికి మార్కులిచ్చే బ్లోసమ్62 కూడా అక్కడే ఉంది. సౌష్ఠవ మాత్రిక అయితే కింది సగమే ఇస్తారు, 210 అంకెలు. మిగతా సగం మనమే అద్దంలో చూసినట్టు నింపుకోవాలి.