‘నిదానంగా ఆగే కంప్యూటర్’: దకారమా, ధకారమా?

పలమనేరు నుంచి:

పెద్దలకు నమస్కారం. మా ఇంట్లో విండోస్ 10 ఉన్న పాత డెస్క్‌టాప్ ఒకటి ఉంది. పని ముగించుకొని షట్ డౌన్ నొక్కితే తెర మీద తెల్లని చుక్కలు గుండ్రంగా తిరుగుతూనే ఉంటాయి గాని యంత్రం ఒక పట్టాన ఆగదు. రిపేరు షాపులో ఇద్దామని కాగితం మీద ‘కంప్యూటర్ నిధానంగా ఆగుతోంది’ అని రాశాను. డిగ్రీ చదువుతున్న మా మేనకోడలు ఆ ఒక్క వాక్యంలో రెండు తప్పులు పట్టింది. అది ధకారం కాదు, దకారమని మొదటి అభ్యంతరం. నిదానం మంచి గుణమే గాని లోపం కాదు గనుక ‘ఆలస్యంగా’ అని రాయాలని రెండోది. మా వైపు కన్నడం మాట్లాడే కుటుంబాలు ఎక్కువ, వారి రాతలో నాకు ధకారమే కనిపిస్తుంది. అయ్యవార్లు ఎవరైనా వివరించగలరు. కంప్యూటర్ సంగతి తెలిసినవారు ఉంటే అది కూడా చెబితే సంతోషిస్తాను.

తిరుపతి నుంచి:

అయ్యా, మీ మేనకోడలు చెప్పిన మొదటి మాట పూర్తిగా సరి. రెండో మాట సగం సరి, ఆ మిగిలిన సగంలోనే మీ కంప్యూటర్ రోగం కూడా దాగి ఉందని నా అభిప్రాయం.

నెమ్మది అనే అర్థంలో తెలుగులో వాడవలసింది అల్పప్రాణ దకారం ఉన్న ‘నిదానం’. ‘నిధానం’ వేరే మాట. ‘ని’ అనే ఉపసర్గ తరువాత ‘ధా’ ధాతువు చేరి ఏర్పడిన ఆ పదానికి ఉంచడం, భద్రపరచడం, నిధి అని అర్థాలు. ‘నిధి’ కూడా ఆ ధాతువు నుంచి వచ్చిందే. కన్నడంలో నెమ్మది అనే అర్థంలోనే మహాప్రాణంతో ‘నిధాన’ అని రాయడం వాడుకగా స్థిరపడింది. తమిళ లిపిలో ద, ధలకు వేర్వేరు అక్షరాలు లేవు కనుక వారికి ఈ తగవే రాదు. ఈ రెండు భాషలూ ఇరుపక్కలా వినిపించే పలమనేరులో కలం ధకారం వైపు ఒరగడంలో వింత ఏమీ లేదు.

ఇక ‘నిదానం’ సంస్కృతంలో మొదట కట్టుతాడు. కట్టడం అనే అర్థం గల ‘దా’ ధాతువు నుంచి వచ్చిన ఈ మాటకు ఋగ్వేదంలో ఆ అర్థమే ఉంది. తరువాతి కాలంలో అది మూలకారణం అయింది. బౌద్ధులు దుఃఖానికి దారితీసే కారణాల గొలుసును ద్వాదశ నిదానాలన్నారు, ఆయుర్వేదం రోగ కారణాన్నీ, దాన్ని నిర్ణయించే విద్యనూ నిదానం అంది. ‘నిదానే మాధవః శ్రేష్ఠః’ అనే శ్లోకపాదం మన వైద్యుల నోట ఇప్పటికీ వినిపిస్తుంది, మాధవకరుడి ‘మాధవ నిదానం’ రోగనిర్ణయ గ్రంథమే. తెలుగులో ఈ మాటకు నెమ్మది అనే అర్థం ఎలా వచ్చిందంటే, కారణం విచారించి పని చేసేవాడు తొందరపడడు కనుక, విచారణ గుణం వాడి నడకకు పేరైందని నేను అనుకుంటాను. అందుకే మనకు ‘నిదానమే ప్రధానం’, ‘ఆలస్యం అమృతం విషం’ అనే రెండు సామెతలూ ఒకదానితో ఒకటి పోట్లాడకుండా ఉన్నాయి. నిదానంలో జరుగుతున్న పని ఒకటి ఉంటుంది, ఆలస్యంలో ఉన్నది ఎదురుచూపు మాత్రమే.

మీ కంప్యూటర్ విషయంలో తేల్చవలసింది సరిగ్గా ఇదే. షట్ డౌన్ నొక్కిన తరువాత అది పని చేస్తూ ఆగుతోందా, లేక ఎవరి కోసమో ఊరికే కాచుకొని ఉందా?

లోపల జరిగేది ఇది. విండోస్ ముందుగా తెరిచి ఉన్న ప్రోగ్రాములన్నింటికీ, సెషన్ ముగియబోతోంది, మీకు సమ్మతమేనా అని కబురు పంపుతుంది. భద్రపరచని కాగితం ఏదైనా చేతిలో ఉన్న ప్రోగ్రాము కాదనవచ్చు, బదులే చెప్పకుండా బిగుసుకుపోవచ్చు. అప్పుడే ‘ఈ యాప్ షట్ డౌన్‌ను అడ్డుకుంటోంది’ అనే అర్థం వచ్చే తెర కనిపిస్తుంది. వాటి వంతు ముగిశాక, తెర మీద కనబడకుండా వెనుక నడిచే సర్వీసులను ఆపుతుంది. ప్రింటరుకు, యాంటీవైరస్‌కు, అప్‌డేట్లు తెచ్చే ప్రోగ్రాములకు అలాంటి సర్వీసులు ఉంటాయి. ఆగమన్న తరువాత ఆగడానికి వాటికి గడువు ఉంటుంది. అది విండోస్ ఎక్స్‌పీలో 20,000 మిల్లీసెకన్లు, విండోస్ 7లో 12,000, ఇప్పుడు 5,000. ఆ పైన మెమరీలో మిగిలిన రాతలను డిస్కు మీదికి దించి, చివరకు విద్యుత్తు తీసేస్తుంది.

ఇందులో నిజంగా నిదానం అనదగినవి ఉన్నాయి. అప్‌డేట్లు ఎక్కుతున్నప్పుడు పట్టే సమయం అలాంటిది, దాన్ని మధ్యలో తెగ్గొట్టకూడదు. విండోస్ తన అమరికలు దాచుకునే రిజిస్ట్రీలో ‘క్లియర్ పేజ్‌ఫైల్ ఎట్ షట్ డౌన్’ అనే విలువ ఒకటి ఉంటుంది. అది మామూలుగా 0. ఎవరైనా 1 చేసి ఉంటే, ఆపిన ప్రతిసారీ విండోస్ తన పేజ్ ఫైలును (మెమరీ చాలనప్పుడు డిస్కు మీద వాడుకునే చోటు) సున్నాలతో నింపి గాని కదలదు. ఫైలు 8 జీబీ ఉండి, పాత తిరుగుడు డిస్కు సెకనుకు 100 ఎంబీ చొప్పున రాయగలిగితే, ఆ ఒక్క పనికే నిమిషం పైన 20 సెకన్లు గడుస్తాయి. రహస్య పత్రాలుండే కార్యాలయానికి అది జాగ్రత్త, ఇంట్లో కంప్యూటరుకు మాత్రం ఆ అవసరం అరుదు.

మీరు రాసిన ‘నిధానం’ కూడా వృథా పోలేదని ఇక్కడ చెప్పుకోవాలి. విండోస్ 8తో, అంటే 2012లో, ఫాస్ట్ స్టార్టప్ అనే ఏర్పాటు వచ్చింది. అది ఉన్న కంప్యూటరు షట్ డౌన్ నొక్కితే పూర్తిగా ఆగదు. మన సెషన్‌ను మూసి, తన కెర్నెల్ (విండోస్ కేంద్ర భాగం) స్థితిని హైబర్‌ఫిల్ అనే ఫైలులో భద్రపరచి పడుకుంటుంది, మరునాడు దాన్నే తీసి త్వరగా లేస్తుంది. భద్రపరచడం నిధానమే కదా! ఏదైనా డ్రైవరు (పరికరాన్ని నడిపే సాఫ్ట్‌వేరు) సరిపడక ఈ దాచే పని చెడితే, తెర నల్లబడిపోయినా క్యాబినెట్ మీది చిన్న దీపం వెలుగుతూనే ఉంటుంది, లోపల ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది. దీన్ని పరీక్షించడం సులువు. షిఫ్ట్ మీట పట్టుకొని షట్ డౌన్ నొక్కితే ఆ ఒక్కసారికి దాచడం మానేసి కంప్యూటరు పూర్తిగా ఆగుతుంది. అప్పుడు వెంటనే దీపం ఆరిపోతే అనుమానం ఫాస్ట్ స్టార్టప్ మీదికి పోవాలి. అయితే మీరు చెప్పిన లక్షణం తిరిగే చుక్కలు గనుక, తెర ఇంకా వెలుగుతున్నప్పుడే కాలం గడుస్తోంది గనుక, మీ ఇంటి సంగతి ఇది కాకపోవచ్చు.

ఆలస్యం కోవలోకి వచ్చేవి వేరు. బదులు చెప్పని ప్రోగ్రాము, ఆగమంటే ఆగని సర్వీసు, మరమ్మతు కోరుతున్న డిస్కు. దీన్ని ఊహతో పట్టనవసరం లేదు, కంప్యూటరే దినచర్య (లాగ్) రాసుకుంటుంది. ఈవెంట్ వ్యూయర్ తెరిచి, అందులో అప్లికేషన్స్ అండ్ సర్వీసెస్ లాగ్స్, దాని కింద మైక్రోసాఫ్ట్, విండోస్, డయాగ్నోస్టిక్స్ పెర్ఫార్మెన్స్ అనే అరలు దాటుకుంటూ ‘ఆపరేషనల్’ అనే చోటికి వెళ్లండి. అక్కడ 200 సంఖ్య ఉన్న వరుస, ఆగడానికి మొత్తం ఎంత సమయం పట్టిందో మిల్లీసెకన్లలో చెబుతుంది. 201 అయితే ఆలస్యానికి ఒక ప్రోగ్రాము, 202 అయితే ఒక పరికరం, 203 అయితే ఒక సర్వీసు కారణమని పేరుతో సహా రాసి ఉంటుంది.

ఆయుర్వేదంలో నిదాన పంచకం అంటారు. నిదానం, పూర్వరూపం, రూపం, ఉపశయం, సంప్రాప్తి అనే అయిదింటితో రోగాన్ని గుర్తించడం అది. వీటిలో ఉపశయం ఈ సందర్భానికి చక్కగా అమరుతుంది. లక్షణాలు చూసి రోగం తేలనప్పుడు, ఒక ఔషధమో ఆహారమో ఇచ్చి, ఉపశమనం కలిగిందా లేదా అన్నదాన్ని బట్టి కారణాన్ని నిర్ణయిస్తారు. లాగ్‌లో పేరు దొరకనప్పుడు కంప్యూటరుకు చేసేదీ అదే. సిస్టం కాన్ఫిగరేషన్ తెరిచి, సర్వీసుల పట్టీలో మైక్రోసాఫ్ట్‌వి కనిపించకుండా దాచే గడిలో టిక్ పెట్టి, మిగిలినవన్నీ తాత్కాలికంగా ఆపి, ఒకసారి పునఃప్రారంభించి, ఆ తరువాత షట్ డౌన్ నొక్కి చూడండి. త్వరగా ఆగితే ఆపిన వాటిలో సగం తిరిగి ఆన్ చేసి మళ్లీ చూడండి. ఇలా సగం, అందులో సగం అనుకుంటూ పోతే దోషి ఎవరో తేలుతుంది. ఆ టిక్ పెట్టడం మరచి అన్నింటినీ ఆపేయడం మాత్రం వద్దు.

ఒక్క హెచ్చరిక. సర్వీసుల గడువును రిజిస్ట్రీలో వెయ్యికో రెండు వేలకో తగ్గించుకోమని చెప్పే చిట్కాలు విరివిగా తిరుగుతున్నాయి. నాకు ఆ సలహా నచ్చదు. ఆలస్యం చేసేవాడిని శిక్షిస్తున్నామనుకొని, నిదానంగా పని చేసుకుంటున్నవాడి మెడ కూడా పట్టి బయటికి నెట్టడమే అవుతుంది. అంగడి లెక్కల డేటాబేసు రాత మధ్యలో తెగితే మరునాటి పొద్దున తెరుచుకోకపోవచ్చు. పవర్ బటన్‌ను నాలుగు సెకన్లకు పైగా నొక్కి పట్టి ఆర్పడం కూడా రోజూ చేసే పని కాదు. అలా ఆర్పిన ప్రతిసారీ తరువాతి ప్రారంభంలో కెర్నెల్ పవర్ 41 అనే వరుస లాగ్‌లో చేరుతుంది. మెకానిక్ ముందుగా చూసేది దాన్నే, చూసి మీది విద్యుత్తు సమస్య అనుకుంటాడు.

చిత్తూరు నుంచి:

అయ్యవారూ, వివరణ బాగుంది. ఒక చిన్న చేర్పు, ఒక సందేహం. రిపేరు షాపులో నేను కొన్నేళ్లుగా పని చేస్తున్నాను. మా దగ్గరికి వచ్చేవాళ్లు నిదానం, ఆలస్యం అనే తేడాతో మమ్మల్ని తికమక పెట్టరు, ‘ఆగిపోతోంది’ అనే మాటతో పెడతారు. ‘సిస్టం ఆగిపోతోంది’ అంటే పని మధ్యలో దానంతట అదే ఆరిపోతోందనీ, బిగుసుకుపోతోందనీ, షట్ డౌన్ నొక్కితే చాలాసేపటికి గాని ఆగడం లేదనీ మూడు విధాలుగా అర్థమవుతుంది. మొదటిదైతే మేము ఎస్ఎంపీఎస్‌నూ (లోపలికి విద్యుత్తు అందించే పెట్టె) ప్రాసెసర్ వేడినీ చూస్తాం, రెండోదైతే ర్యామునూ డిస్కునూ చూస్తాం, మూడోదైతే అసలు క్యాబినెట్ విప్పే పనే చాలాసార్లు ఉండదు. ‘తానే ఆరిపోతోంది’, ‘ఆర్పితే ఆరడం లేదు’ అని సకర్మకం, అకర్మకం తేడా చూపి చెబితే మాకు సగం పని తగ్గుతుంది.

సందేహం ఏమంటే, మా ఇంటి కంప్యూటర్లో విండోస్‌కు బదులు ఉబుంటు ఉంది. ఆపేటప్పుడు అప్పుడప్పుడూ ‘ఎ స్టాప్ జాబ్ ఈజ్ రన్నింగ్’ అనే వరుస వచ్చి, పక్కనే ఒక నిమిషం ముప్పై సెకన్ల గడువు చూపిస్తూ లెక్క నడుస్తుంది. ఇది నిదానమా, ఆలస్యమా?

తిరుపతి నుంచి:

అన్నా, ‘ఆగిపోతోంది’ గురించి మీరు చెప్పింది నాకు తట్టలేదు, చాలా విలువైన మాట. ఆరు, ఆర్పు, ఆగు, ఆపు అని ఇంత తేలికగా తేడా చూపించే భాష చేతిలో ఉండి కూడా మనం ‘ఆఫ్ అవుతోంది’ అని సరిపెట్టుకుంటున్నాం.

ఉబుంటులో అది తేల్చి చెప్పగలిగిన ఆలస్యం. అక్కడ సేవలను నడిపే సిస్టండీ, ఆగని సేవకు మామూలుగా 90 సెకన్ల గడువు ఇస్తుంది, గడువు తీరాక బలవంతంగా ముగిస్తుంది. 90 సెకన్లూ పూర్తిగా గడుస్తున్నాయంటే ఆ సేవ పని చేయడం లేదు, చెప్పిన మాట వినడం లేదనే అర్థం. ఆ వరుసలోనే దాని పేరు ఉంటుంది. గడువు తగ్గించే ముందు ఆ పేరు రాసుకోండి. నెట్‌వర్కులో జోడించిన డ్రైవు కనెక్షను తెగిన తరువాత కూడా పట్టుకొని కూర్చోవడం తరచుగా కనిపించే కారణాలలో ఒకటి.

పలమనేరు నుంచి:

అయ్యవారికీ చిత్తూరు అన్నకూ కృతజ్ఞతలు. మీరు చెప్పిన లాగ్ తెరిచి చూశాను. 203 కింద ఒకే పేరు మళ్లీ మళ్లీ ఉంది. అది మేము ఎప్పుడో అమ్మేసిన ప్రింటరుతో వచ్చిన సర్వీసు. ప్రింటరు పోయినా దాని సాఫ్ట్‌వేరు మాత్రం ఇంట్లోనే ఉండిపోయింది. దాన్ని తీసేయవచ్చా? షాపు కాగితం మీద ఇప్పుడు ఏమని రాయమంటారు?

తిరుపతి నుంచి:

నిరభ్యంతరంగా తీసేయండి. కంట్రోల్ ప్యానెల్‌లోని ప్రోగ్రాముల జాబితా నుంచే తొలగించండి, ఫోల్డరు వెతికి చెరిపేస్తే సర్వీసు నమోదు అలాగే మిగిలిపోతుంది. తరువాత ఒకసారి పునఃప్రారంభించి, షట్ డౌన్ నొక్కి, 200 వరుసలోని సంఖ్యను పాతదానితో పోల్చి చూడండి. అది తగ్గితే షాపుకు వెళ్లే పనే లేదు. తగ్గకపోతే కాగితం మీద ఇలా రాయండి: ‘షట్ డౌన్ నొక్కినప్పటి నుంచి తెర నల్లబడే వరకు ఇన్ని సెకన్లు, తెర నల్లబడినప్పటి నుంచి క్యాబినెట్ దీపం ఆరే వరకు ఇన్ని సెకన్లు పడుతోంది. తానుగా ఎప్పుడూ ఆరిపోలేదు. పాత ప్రింటరు సర్వీసు తీసేశాను, మార్పు లేదు. డిస్కు ఆరోగ్యం పరీక్షించగలరు.’ సెకన్లు మాత్రం గోడ గడియారం చూసి వేయండి.