«ఏ రోజుకు ఆ రోజు»: పద్దులు లెక్కపెట్టే మాట గురించి

ప్రశ్న:

హనుమకొండలో ఉంటూ ఒక అడ్తి దుకాణానికి కంప్యూటరు లెక్కలు చూస్తుంటాను. ఎనుమాముల మార్కెట్టుకు వచ్చే మిర్చి పద్దులు డేటాబేస్‌లో ఒక్కొక్క వరుసగా చేరుతాయి. వాటిని రోజుల ప్రకారం విడదీసి, ఒక్కొక్క రోజున ఎన్ని పద్దులు పడ్డాయో తీసే క్వెరీ (డేటాబేస్‌ను అడిగే ప్రశ్న) రాసి, ఆ పట్టికకు «రోజువారీ పద్దుల సంఖ్య» అని శీర్షిక పెట్టాను. దుకాణం పెద్దాయన అది చూసి, «రోజుకు ఎన్ని అనా, ఏ రోజుకు ఆ రోజు ఎన్ని అనా?» అని అడిగారు. అప్పటి నుంచి ఆ రెండు మాటల మధ్య తేడా నన్ను వదలడం లేదు.

«రోజుకు నలభై» అంటే సగటు; నెల మొత్తానికి ఒకే అంకె చాలు. «రోజువారీ కూలీ», «రోజువారీ ఖర్చు» అన్నప్పుడు ఆ మాట అలవాటుగా జరిగేదాన్ని చెబుతుంది తప్ప ఒక రోజును మరొక రోజు నుంచి వేరు చేయదు. «ఏ రోజుకు ఆ రోజు» అన్నప్పుడే పద్దులు విడివిడి కుప్పలుగా పడి, ఒక్కొక్క కుప్పకు ఒక్కొక్క లెక్క వస్తుంది. క్వెరీలో గ్రూప్ బై అనే ఆదేశం చేసే పని సరిగ్గా ఇదే. పైగా ఈ అచ్చులో ఏ మాటనైనా పోయవచ్చు: ఏ ఊరికి ఆ ఊరు, ఏ రైతుకు ఆ రైతు. ఇంత బిగువైన పలుకుబడి మనకు ఉండగా దీనికి కొత్త పారిభాషిక పదం కల్పించడం అనవసరమని నా అభిప్రాయం. శీర్షికలో ఎలా కుదించాలన్నదే నా సందేహం.

మొదటి జవాబు:

శీర్షికకు «తేదీవారీగా» చాలు. తేదీ అనగానే ఒక నిర్దిష్టమైన దినం గుర్తుకు వస్తుంది కాబట్టి సగటు అనే భ్రమ కలగదు. అయితే పద్దులో తేదీతోపాటు గంటలు, నిమిషాలు, సెకన్లు కూడా ఉంటే, ముందుగా వాటిని కత్తిరించి తేదీని మాత్రమే నిలపాలి. లేకపోతే ఏ సెకనుకు ఆ సెకను వేరే కుప్ప అయి, దాదాపు ప్రతి వరుసకూ ఒకటి అనే లెక్క వస్తుంది.

ఇంకొక మాట. «ఏ రోజుకు ఆ రోజు» అని విన్న మనిషి, మార్కెట్టుకు సెలవైన రోజు ఎదుట సున్న ఉంటుందని ఆశిస్తాడు. క్వెరీ ఆ రోజును అసలు చూపదు, ఎందుకంటే పద్దే లేని చోట కుప్ప పడదు. సున్న కావాలంటే తేదీలన్నీ ఉన్న మరొక పట్టికను ఎడమవైపు పెట్టి, పద్దులను దానికి జత చేయాలి. అప్పుడు కూడా వరుసలను లెక్కిస్తే ఖాళీ రోజుకు ఒకటి వస్తుంది; పద్దు సంఖ్య ఉన్న గడిని లెక్కిస్తేనే సున్న వస్తుంది.

రెండవ జవాబు:

«రోజు» ఎప్పుడు మొదలవుతుందన్నది కూడా తేల్చుకోవాలి. పంచాంగంలో వారం సూర్యోదయంతో మారుతుంది. తెల్లవారుజామున రెండు గంటలకు దిగిన సరుకును కూడా మనం «నిన్న రాత్రి వచ్చింది» అనే చెప్పుకుంటాము. కంప్యూటరు సమయాన్ని యూటీసీలో, అంటే ప్రపంచ ప్రామాణిక కాలమానంలో, దాచి ఉంటే, మన గడియారం దానికంటే 5 గంటల 30 నిమిషాలు ముందుంటుంది కాబట్టి, అర్ధరాత్రి నుంచి ఉదయం 5:30 వరకు పడిన పద్దులన్నీ ముందు రోజు కుప్పలోకి పోతాయి. వినడానికి ఇది మన వాడుకకు దగ్గరగా ఉన్నా, దుకాణపు చిట్టాలో తేదీ అర్ధరాత్రితో మారుతుంది గనుక రెండు లెక్కలూ కలవవు. సమయాన్ని ముందు మన కాలమానానికి మార్చి, ఆ తరువాతే గంటలను కత్తిరించాలి.

ప్రశ్న అడిగినవారు:

నా క్వెరీలో ఈ మార్పిడి లేదు, ఈరోజే సరిచేస్తాను. శీర్షికను «తేదీవారీగా పద్దుల సంఖ్య» అని మార్చి, దాని కింద «అర్ధరాత్రి నుంచి అర్ధరాత్రి వరకు, ఏ రోజుకు ఆ రోజు» అని రాస్తున్నాను.