డేటాను వేడితో, వైబ్రేషన్‌తో తెలియజేసే చేతిపట్టీ: సందేహం

ప్రశ్న: స్క్రీన్ చూడకుండానే గదిలో గాలి ఎలా ఉందో తెలిసేలా ఒక పట్టీ చేస్తున్నాను. ముంజేతి మీద నాలుగు చిన్న వైబ్రేషన్ మోటార్లు, ఒక పెల్టియర్ మాడ్యూల్ (కరెంటు ఇస్తే ఒక వైపు వేడెక్కి, రెండో వైపు చల్లబడే చిన్న పలక) పెట్టాను. సెన్సర్ రీడింగ్ పెరిగేకొద్దీ వేడి పెరగాలి, హెచ్చరికలకు మోటార్లు తిరగాలి. కానీ ఏ మోటారు తిరుగుతోందో తెలియడం లేదు. వేడి మారుతున్నా అసలు తెలియడం లేదు. వేడి ఇంకా పెంచేయనా?

జవాబు: వద్దండీ, వేడి జోలికి ఇప్పుడే పోకండి. ముందు మోటార్ల మధ్య ఎంత దూరం ఉందో చెప్పండి.

ప్రశ్న అడిగినవారు: సుమారు 2 సెం.మీ.

జవాబు: చిక్కు అక్కడే ఉంది. వేలికొన మీద 2, 3 మి.మీ. దూరంలో ఉన్న రెండు స్పర్శలు కూడా విడివిడిగా తెలుస్తాయి. ముంజేతి మీద సుమారు 4 సెం.మీ. ఉండాలి. రెండే మోటార్లు ఉంచి, ఒకటి మణికట్టు దగ్గర, ఒకటి మోచేతి దగ్గర పెట్టండి. కీళ్ల దగ్గర చోటు గుర్తుపట్టడం తేలిక. ఆపకుండా తిప్పితే చర్మం అలవాటు పడి పట్టించుకోవడం మానేస్తుంది. చిన్న చిన్న అదురులుగా ఇచ్చి, తేడాను లయలో చూపించండి.

ఇక వేడి. చర్మం సుమారు 30 నుంచి 36 డిగ్రీల మధ్య ఎక్కడున్నా సర్దుకుపోతుంది. మెల్లగా మారితే కొన్ని డిగ్రీలు పెరిగినా తెలియదు. మీ రీడింగ్ కూడా మెల్లగానే మారుతుంది కదా! అందుకే దాన్ని నేరుగా వేడిగా మార్చకుండా మూడు మెట్లు చేయండి: చల్లన, మామూలు, వెచ్చన. మెట్టు మారినప్పుడు చప్పున మార్చి, కాసేపటికి మామూలుకు తెచ్చేయండి. కరెంటు దిశ తిప్పితే పెల్టియర్ చల్లబరుస్తుంది కూడా. వెచ్చదనం కంటే చల్లదనం తొందరగా తెలుస్తుంది కాబట్టి ముఖ్యమైన కబురు దానికే అప్పగిస్తాను నేనైతే.

మరొకరు: ఒక మాట. 44 డిగ్రీలైనా గంటల తరబడి తగిలితే చర్మం కాలుతుందని 1947లోనే ప్రయోగాల్లో తేలింది. 40 దాటనివ్వకండి. పెల్టియర్ రెండో వైపు హీట్ సింక్ (వేడిని గాలిలోకి వదిలేసే లోహపు ముక్క) లేకపోతే, చల్లబరచాల్సిన వైపు కూడా కాసేపటికి వేడెక్కిపోతుంది.

ప్రశ్న అడిగినవారు: కోడ్‌లో 40 దగ్గర ఆగేలా రాస్తే చాలా?

మరొకరు: చాలదండీ, కోడ్ హ్యాంగ్ అయితే? చర్మం వైపు థర్మిస్టర్ (ఉష్ణోగ్రత కొలిచే చిన్న సెన్సర్) పెట్టి, కోడ్‌తో పని లేకుండా కరెంటు తెంచే థర్మల్ స్విచ్ ఒకటి వేరుగా కలపండి. అది పనిచేస్తోందని బల్ల మీద చూసుకున్నాకే చేతికి కట్టుకోండి.